కృష్ణాతీరమున ఆకుకషాయములు: గుణదోష విచారము

బెజవాడలో తెలతెలవారుచుండగా కృష్ణ కరకట్టమీదను బందరుకాలువ గట్టునను నడకకు వెళ్ళువారిలో, మరలివచ్చునపుడు గుప్పెడు ఆకు తుంచుకొని వచ్చువారు నేడు ఒకరిద్దరు కారు. ఒకరికి తిప్పతీగ, ఇంకొకరికి నేలవేము, వేరొకరికి రావిచిగురు లేక బిళ్ళగన్నేరాకు. వానిని నీళ్ళలో మరిగించి, వడగట్టి, ఇంత తేనెయో నిమ్మరసమో చేర్చి, కాఫీ టీలకు మారుగా పరగడుపున త్రాగుట పలువురికి దినచర్య యైనది. 2020 మార్చి నెలాఖరున, కోవిడు భయము దేశమును కమ్మియున్న వేళ, కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షలతో కాచిన కషాయమును దినమునకు ఒకటి రెండు మారులు పుచ్చుకొనుడని సలహా యిచ్చుటతో ఈ యలవాటునకు అధికారముద్ర కూడ పడెను. అయితే ఆ జాబితాలోని వస్తువులన్నియు వంటింటి డబ్బాలలోనివి, తులసికోటలోనివి. జనము మాత్రము వంటింటితో ఆగక గట్టు దిగి పొదలలోనికి పోయిరి. ఈ రెంటి నడుమనున్న దూరమెంతయో విచారించుట ఈ వ్యాసోద్దేశ్యము.

ఈ విషయమున లోకమున రెండు వాదములు బలముగా వినవచ్చుచున్నవి. తాతముత్తాతలు త్రాగినది మనకు కీడు చేయునా యని యొక పక్షము. ఆకులలముల వైద్యమంతయు మూఢవిశ్వాసమని రెండవ పక్షము. మొదటివారు తాతముత్తాతలు ఏ యాకును ఎన్నాళ్ళు ఎంత మోతాదున త్రాగిరో విచారింపరు. రెండవవారు తాము మ్రింగు మాత్రలలో కొన్నిటికి మూలము ఆకులేయని తలపరు. పూర్వుల అనుభవము విలువగల సాక్ష్యమే. కాని ఏ సాక్షియైనను తాను చూచినంతవరకే చెప్పగలడు గదా! మన పెద్దలు చూచినది జ్వరపడినవాడు మూడునాళ్ళు త్రాగి మానిన కషాయమును. జబ్బు లేనివాడు ఏడాది పొడుగున త్రాగు మూలికల తేనీటిని వారు చూడలేదు. ఈ భేదమును మరువకుండినచో తక్కిన చిక్కులు చాలవరకు వాటంతట అవియే విడిపోవును.

ప్రాచీన వైద్యశాస్త్రము ఈ విషయమున మనమనుకొనునంత అమాయకమైనది కాదు. ఓషధుల పేరును రూపును మేకలకాపరులు, గొఱ్ఱెలకాపరులు, పసులకాపరులు, వనవాసులు ఎరుగుదురనియు, అంతమాత్రమున వాని ప్రయోగము ఎరిగినట్లు కాదనియు చరకసంహిత సూత్రస్థానపు మొదటి యధ్యాయమే చెప్పుచున్నది. తెలియని యౌషధము విషమునకును, శస్త్రమునకును, అగ్నికిని, పిడుగునకును సమానమను హెచ్చరికయు అచ్చటనే కలదు. ఆయుర్వేద గ్రంథకర్తయైన శార్ఙ్గధరుడు కషాయకల్పనలను పసరు, ముద్ద, క్వాథము, హిమము, ఫాంటము అని ఐదుగా విభజించి, క్వాథమునకు ద్రవ్యమునకు పదునారు రెట్లు నీరుపోసి ఎనిమిదవ వంతు మిగులువరకు కాచవలెననియు, ఫాంటమునకు నాలుగురెట్ల వేడినీటిలో ద్రవ్యమును నాననిచ్చి వడగట్టవలెననియు కొలతలు నిర్ణయించెను. నేటి తేనీరు ఫాంటజాతిది. పొయ్యిమీద మరచి అరగంట మరిగించినది క్వాథజాతిది. ఒకే గుప్పెడు ఆకు ఈ రెండు గిన్నెలలో ఒకే బలము చూపదు. ఇక ఆ గుప్పెడు ఎవరి గుప్పెడో, ఆకు పచ్చిదో ఎండుదో చెప్పకయే ‘రోజూ ఒక గ్లాసు’ అని సెల్‌ఫోను వీడియోలలో ఉపదేశించువారికి శార్ఙ్గధరునిపాటి జాగ్రత్తయు లేదు.

కృష్ణా గోదావరీ సీమలలో మొక్కల జ్ఞానమునకు లోటెన్నడును లేదు. పదునెనిమిదవ శతాబ్ది చివర సామర్లకోటలో కంపెనీ కొలువుననుండి ఈ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బరో, 1795 మొదలు లండనులో ప్రకటితమైన తన కోరమాండల్ తీర వృక్షగ్రంథమున శాస్త్రనామముల సరసన తెలుగుపేళ్ళను కూడ పొందుపరచెను. ఊరూర నాటువైద్యులుండిరి, డొంకలును పుంతలును చేతిరేఖలవలె ఎరిగిన యానాదు లుండిరి, ఏ యాకు పురిటాలికి పనికిరాదో చెప్పు ముసలమ్మ ప్రతియింటను ఉండెను. ఆకు తెచ్చువాడొకడు, గుర్తించువాడొకడు, మోతాదు చెప్పువాడొకడు, త్రాగువానిని కనిపెట్టి యుండువా రింకొకరు. నేడు ఈ నలుగురి పనియు అపార్ట్‌మెంటులోని యొక్కడే నెత్తిన వేసికొనుచున్నాడు.

ఇందు విచారింపవలసిన వానిలో మొదటిది గుర్తింపు. అది యెంత సున్నితమైన పనియో తెలియవలెనన్న వినాయకచవితి ముందునాడు కాళేశ్వరరావు మార్కెట్టు ప్రాంతమున పత్రికట్ట ఒకటి కొని విప్పిచూచిన చాలును. ఏకవింశతి పత్రములలో తులసి, మరువము, మారేడు, దానిమ్మ, మామిడి గలవు. వానితోడనే ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరును గలవు. పూజకు ఇవన్నియు సమానము, కడుపునకు కావు. ఉమ్మెత్తలోని విషము మరిగించినంతమాత్రమున నశింపదు: నోరు పిడచకట్టుకొనిపోయి, కనుపాపలు విప్పారి, గుండె వడివడిగా కొట్టుకొని, మనిషి పొంతనలేని మాటలాడును. గన్నేరు, పచ్చగన్నేరులలోని విషము నేరుగా గుండె లయనే చెరచును. అదే కట్టలోని మాచిపత్రిని చూడుడు. నరుకులు నరుకులుగా నుండు దాని యాకు లేత వయ్యారిభామ ఆకును ఎంతయో పోలియుండును. వయ్యారిభామ 1955 ప్రాంతమున పూనాలో గుర్తింపబడి, అటుపిమ్మట దేశమంతట బీళ్ళను రోడ్డుప్రక్కలను ఆక్రమించిన విదేశపు కలుపు; పడనివారి చర్మమున దద్దురులు లేపుటయు, ఆయాసము తెచ్చుటయు దానికి సహజగుణములు.

పోలిక ఒక చిక్కు కాగా, ఉమ్మడిపేరు రెండవ చిక్కు. బ్రాహ్మి యన్న ఒకరు గుండ్రని యాకు గల సరస్వతియాకును, వేరొకరు చిన్నచిన్న దళసరి యాకుల నీటిసాంబ్రాణిని తెత్తురు. బ్రహ్మదండి యను పేరు కొన్ని మూలికలకు చెల్లుచుండగా, పసుపుపూల ముండ్లమొక్క బలురక్కసిని కూడ ఆ పేరనే పిలుచువారున్నారు; దాని గింజల నూనె ఆవనూనెలో కలిసినందున 1998లో ఢిల్లీలో ఒడలు నీరుపట్టి అరువదిమందికి పైగా మరణించిరి. పేరు మారుటవలన కలుగు అనర్థమునకు లోకప్రసిద్ధమైన దృష్టాంతము బెల్జియము దేశమున జరిగినది. 1990 దశకారంభమున బ్రస్సెల్సునగరమున ఒళ్ళు తగ్గుటకై యిచ్చిన చీనామూలికల మందులో, ఒక మూలికకు బదులు ఇంచుమించు అదే చీనాపేరుగల వేరొక మూలిక చేరెను. నూరుమందికి పైగా స్త్రీలకు మూత్రపిండములు చెడినవి, వారిలో పలువురికి పిమ్మట మూత్రమార్గమున క్యాన్సరు పుట్టెను. ఆ మూలికకు దాయాది మన నల్లరేగడి చేలగట్లమీద పెరుగుచునే యున్నది. దాని పేరు గాడిదగడపాకు. నులిపురుగులకని పల్లెలలో దాని రసము పిల్లలకు పోయువాడుక కలదు. ఆ జాతిలోని ఆమ్లము మూత్రపిండములను చెరచుటకు మాసములును, క్యాన్సరు పుట్టించుటకు ఏండ్లును పట్టునుగాన, త్రాగినవారికిని త్రాగించినవారికిని కార్యకారణసంబంధము తట్టనే తట్టదు. అనుభవమునకు అందని విషమనగా ఇదియే.

ఈ గుర్తింపుతగవు తిప్పతీగ విషయమున ఇటీవల దేశవ్యాప్తమైనది. 2020 సెప్టెంబరు మొదలు డిసెంబరు వరకు ముంబయిలో కాలేయము వాచి వచ్చిన ఆరుగురు రోగులు తిప్పతీగ పుచ్చుకొనుచున్నవారేయని అచటి వైద్యులు 2021లో ప్రకటించిరి. తరువాత దేశములోని పదుమూడు వైద్యకేంద్రములనుండి 43 మంది వృత్తాంతము వెలువడెను. వారిలో అధికులకు వాడుక మొదలిడిన నెలన్నర ప్రాంతమున జబ్బు బయటపడినది. శరీరరక్షణశక్తి తన కాలేయముపైననే తిరుగబడు లక్షణములు పెక్కుమందిలో కానవచ్చినవి. ఆయుష్ మంత్రిత్వశాఖ దీనిని అంగీకరింపలేదు. తిప్పతీగ శతాబ్దులుగా వాడుకలోనున్న నిరపాయమైన మూలికయనియు, రోగులు త్రాగినది దాని సోదరజాతి తీగ కావచ్చుననియు వాదించెను. మొక్కలను ఎదుటబెట్టుకొని చూచిన ఈ వాదము కేవలము నిరాధారము కాదు. అసలు తిప్పతీగ కాండముపై కాగితమువంటి పలుచని బెరడు పొరలు పొరలుగా ఊడివచ్చును, గోట గీరిన లోపల పచ్చగా నుండును, ఆకు హృదయాకారమున నున్నగా నుండును. సోదరజాతి కాండమంతట పులిపిరులవంటి బుడిపెలు లేచియుండును. అయినను వేపచెట్టునకు అల్లుకొన్న తీగను మసకచీకటిలో త్రెంపుకొనిపోవువానికి ఇంత పరీక్షకు తీరికయెక్కడిది? కాలేయవైద్యులు సత్యము చెప్పిరో మంత్రిత్వశాఖ చెప్పెనో తేలువరకు ఆగనవసరము లేకయే సామాన్యునకు దీనినుండి ఒక పాఠము లభించుచున్నది: తీగ తప్పుడుదైనచో గుర్తింపులో ప్రమాదము, సరియైనదైనచో నెలల తరబడి త్రాగుటలో ప్రమాదము, గట్టునుండి తెచ్చుకొనువానికి ఈ రెంటిలో తనది యేదో తెలియు మార్గము లేదు.

రెండవది మొక్క మొలచిన తావు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారినది మొదలు, డెల్టాలో ఆకు మొలచు ప్రతి జాగాకును నీరు ఎక్కడనుండియో వచ్చును. ఆ నీటితో పైవారి మురికియు వచ్చును. ఏలూరుకాలువ, బందరుకాలువ, రైవస్‌కాలువ మూడును నగరము నడుమనుండి ఇండ్ల మురుగును కలుపుకొనుచు సాగుచున్నవి. సరస్వతియాకు, నీటిసాంబ్రాణి, గుంటగలగర ఈ తడినే కోరును. నీటిసాంబ్రాణికి సీసము, కాడ్మియము, పాదరసము వంటి లోహములను పీల్చి తనలో దాచుకొను శక్తి కలదు. ఆ గుణము మురికినీటిని శుద్ధిచేయుటకు మేలైనదేగాని, తెలివి పెరుగునని పిల్లలకు త్రాగించుటకు మేలైనది కాదు. కాచుటవలన క్రిములు చచ్చును, లోహము చావదు. వరిచేనికి పురుగుమందు కొట్టిన మరునాడును గట్టుమీది నేలయుసిరి నవనవలాడుచునే యుండును. కొండపల్లి కొండలవైపు పోయినచో నీటిబాధ తగ్గును. కాని ఇబ్రహీంపట్టణపు థర్మల్ విద్యుత్కేంద్రపు బూడిద ఆ దాపుననే గుట్టలుపడియున్నది. 2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు పొంగి సింగునగర్ ప్రాంతమును ముంచెత్తినపుడు ఇండ్లలోని నూనెలు, రసాయనములు, మురుగుకాలువల రొంపి ఏకమైనవి. అట్టి వరద తీసిన తావులలో దట్టముగా లేచిన పచ్చదనమును చూచి మురిసి కోసికొనుట వివేకము కాదు. ఆకు కోయువాని కాళ్ళు సయితము ఆ పొదలలోనే యుండునను సంగతి మరువరాదు. 2018 ఆగస్టున అవనిగడ్డ ప్రాంతమున పాముకాట్లు ప్రబలి దివిసీమ యెల్ల తల్లడిల్లినది. పొదలలోని నల్లులవంటి సూక్ష్మకీటకముల కాటువలన స్క్రబ్ టైఫసు జ్వరమును వచ్చుచున్నది.

మూడవది కాలము, మోతాదు. దీనిని గూర్చి ఆలోచించువారు వెస్టిండీసులోని జమైకా ద్వీపమును తప్పక తలంపవలెను. అచ్చటి పేదలు పొదలలోని ఆకులు తెచ్చి తేనీరు కాచుకొనుట పరిపాటి. మధుమేహమునకు వారు త్రాగునది బిళ్ళగన్నేరాకు. 1952లో ఆ యాకులు కొన్ని కవరులో కెనడాకు చేరగా, రాబర్ట్ నోబుల్ అను వైద్యుడు వానిని పరీక్షించెను. రక్తములోని చక్కెర తగ్గలేదు. కాని రసమును సూదిద్వారా ఎక్కించిన ఎలుకలలో తెల్లకణములు క్షీణించి, అవి అంటురోగములతో మరణించినవి. తెల్లకణములు మితిమీరిన క్యాన్సరునకు ఇదియే మందు కారాదా యను తలంపు కలిగి, రసాయనశాస్త్రజ్ఞుడు చార్లెస్ బీర్ తోడ్పాటుతో 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అను దివ్యౌషధము వెలువడినది. అదే ద్వీపమున, దాదాపు అదే కాలమున, 1954లో జెలిఫ్ మొదలగు వైద్యులు వేరొక సంగతి లోకమునకు తెలిపిరి: ఆ పొదలతేనీరు త్రాగిన పసిపిల్లల కాలేయములోని సన్నని సిరలు మూసికొనిపోయి, పొట్టలు నీరుపట్టి, వారు మరణించుచుండిరి. అందుకు మూలము మన పొలములలోని గిలిగిచ్చకు సజాతీయములైన మొక్కలు. ఒకే ద్వీపము, ఒకే యాచారము. ఒక కప్పులో క్యాన్సరు మందు, ఒక కప్పులో శిశుమరణము. మందును వెలికితీసినది తేనీరు త్రాగినవారి అనుభవము కాదు, ప్రయోగశాల పరీక్ష. మరణమును పసిగట్టినదియు అనుభవము కాదు, వైద్యుని పరిశోధనయే. బెజవాడ వీధులలో ప్రతి గోడవారను గులాబిరంగు పూలతో నవ్వు బిళ్ళగన్నేరు ఆకులను చక్కెరజబ్బునకు నమలువారికిని కాచి త్రాగువారికిని ఈ కథ పూర్వార్ధమే చేరినది.

గిలిగిచ్చజాతి విషము మనదేశమునను తన ప్రతాపము చూపినది. 1970 దశకమున నాటి మధ్యప్రదేశములోని సర్గుజా జిల్లాలో సామలలో ఆ జాతి గింజలు కలిసి, గిరిజనులు పలువురు పొట్ట నీరుపట్టి మరణింపగా, హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ శాస్త్రజ్ఞులును ఆ విషయమును పరిశోధించిరి. ఇట్టిదే కసింద. దాని గింజలను వేయించి కాఫీగింజలకు మారుగా వాడుట పలుదేశములలో కలదు. కాని పచ్చిగింజలు తిన్న పిల్లలకు కాలేయము, కండరములు, మెదడు ఒక్కుమ్మడి దెబ్బతినునని పశ్చిమ ఉత్తరప్రదేశ వైద్యులు తెలిసికొనిరి. 2016లో మన సరిహద్దుననున్న ఒడిషా మల్కన్‌గిరి జిల్లాలో పిల్లలు వరుసగా మరణించినపుడు, మెదడువాపు వ్యాధితోపాటు ఈ గింజలను కూడ జాకబ్ జాన్ నాయకత్వమున పోయిన వైద్యబృందము కారణముగా పేర్కొనెను. పెద్దలకు జీర్ణమైనది పిల్లలకు ప్రాణాంతకమగుట ఇందు గమనింపదగినది.

అందుచేత నాలుగవది త్రాగువాని స్థితి. అడ్డసరపాకు దగ్గునకు ఎంత ప్రసిద్ధమో, గర్భసంచిని ముడుచుకొనునట్లు చేయు గుణమును దానికి అంతగా కలదు. గర్భవతికి అది పనికిరాదు. మధుమేహమునకు మాత్రలు వాడువాడు నేలవేము కషాయమును జోడించినచో చక్కెర అనుకొనిన దానికంటె దిగజారవచ్చును. రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారు, రక్తపుపోటు కలవారు, కాలేయమో మూత్రపిండములో ఇదివరకే బలహీనపడినవారు మరింత మెలకువగా నుండవలెను. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండవ్యాధి పీడితులెందరో కలరు. ఆ వ్యాధిని ఆకులకు అంటగట్టుట న్యాయము కాదుగాని, అట్టి వారి మూత్రపిండములపై ఎరుగని కషాయపు బరువును మోపుట అంతకన్న అన్యాయము.

ప్రభుత్వశాసనములు ఈ విషయమున ఎంతవరకు రక్షింపగలవు? 1940 నాటి ఔషధముల చట్టమును 1964లో సవరించి ఆయుర్వేదౌషధములను అందు చేర్చిరి. దాని క్రింద చేసిన నియమములలోని విషద్రవ్యముల అనుబంధమున ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, జిల్లేడు, నాభి మొదలగునవి పేర్కొనబడినవి. 2018లో ఆయుష్ ఔషధములవలన కలుగు దుష్ఫలితములను నమోదుచేయు ఏర్పాటును దేశమున ఆరంభమైనది. ఇవి యన్నియు సీసాలో పెట్టి అమ్మినదానిని గూర్చినవి. గట్టుమీది ఆకునకు చీటీయు లేదు, పరీక్షాధికారియు లేడు. 2021 మే నెలలో నెల్లూరుజిల్లా కృష్ణపట్టణమున కోవిడునకని యిచ్చుచుండిన ఆనందయ్యమందునకై వేలాదిజనము క్రిక్కిరిసినపుడు ప్రభుత్వము ముందు పంపిణీని ఆపి, ఆయుర్వేద వైద్యులచేత విచారణ జరిపించి, మే 31న నోట పుచ్చుకొను మందులలో కొన్నిటిని అనుమతించి, కంటిలో వేయు చుక్కలను అప్పటికి నిలిపివేసెను. జనుల నమ్మకమును కొట్టిపారవేయక, అట్లని గుడ్డిగా తలయూపక, దేనికది వేరుచేసి చూచిన ఆ పద్ధతి మిగిలిన ఆకుల విషయమునను అనుసరింపదగినది.

ఇన్ని చెప్పిన పిమ్మట ఆకుకషాయమే వలదనుట నా యభిప్రాయము కాదు. తులసి, పుదీన, నిమ్మగడ్డి, వామాకు, అల్లము, కరివేపాకు, మునగాకు మన ఆహారమునకు చుట్టములు. వంటలోపాటి పరిమితిలో వీనిని కాచి త్రాగుటకు సాధారణముగా భయపడనక్కరలేదు. పెరటిచెట్టు మందునకు పనికిరాదని మనవారు ఎగతాళిగా అందురు. నేటి స్థితిలో నిశ్చింతగా వాడదగినది ఆ పెరటిచెట్టే. దానికి పోసిన నీరు మనమెరుగుదుము, కొట్టిన మందెరుగుదుము, పూవును కాయను కన్నులార చూచియుందుము. వన్యమూలికను ముట్టవలెనన్న అది పూచినపుడు ఒక మారు, తెలిసినవాని చెంత ఒక మారు గుర్తింపవలెను. ఒకటొకటిగానే వాడవలెను, నాలుగు కలిపి కాచినచో కీడు దేనివలన వచ్చెనో తేలదు. జబ్బు తగ్గగానే మానవలెను. పిల్లలకును గర్భవతులకును పోయరాదు. కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురురంగు దాల్చినను, ఆకలి చచ్చినను కషాయము తక్షణము ఆపి వైద్యుని చూడవలెను. విషలక్షణములు తోచినచో 108కి ఫోను చేసి, మిగిలిన ఆకును కొమ్మతోసహా సంచిలో వేసికొని ఆసుపత్రికి పోవలెను. వైద్యునకు ఆ కొమ్మ చెప్పునంత స్పష్టముగా రోగి చెప్పలేడు.

చేయవలసిన పని ప్రజలది మాత్రమే కాదు. విజయవాడలో నోరి రామశాస్త్రిగారి పేర ప్రభుత్వ ఆయుర్వేదకళాశాల యున్నది. దాని పండితులు ఏడాదికి రెండుమారులు, వానల తరువాత ఒకటి, వేసవిముందు ఒకటి, కాలువగట్లవెంట జనులను నడిపించి మంచిమొక్కను చెడ్డమొక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూపినచో, వంద వీడియోల అపచారము ఒక్క ఉదయమున తీరును. ఇక అల్లోపతి వైద్యుడు రోగిని ‘ఏ మాత్రలు వేసికొనుచున్నావు?’ అని అడుగును. ‘ఏ ఆకు త్రాగుచున్నావు?’ అని అరుదుగా అడుగును, అడిగినను గద్దించుచు అడుగును. గద్దింపునకు జడిసి రోగి దాచును. రోగిచీటీపై మాత్రల వరుస క్రింద ఆకుల వరుసయొకటి చేర్చి, మొగము చిట్లింపక వ్రాసికొనిననాడు, పరంపర చూడలేకపోయిన నెమ్మదివిషములు కొన్నియైనను మన లెక్కకు అందును.